కదిలే పేజీకి కళ్లెం వేయడం: చూసేవారికి, తయారుచేసేవారికి

మా అమ్మ బాపట్ల నుంచి చెన్నై వచ్చినన్నాళ్లూ మా పెరంబూరు ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఆమెదే. ఈసారి చూస్తే, తెర కుడివైపు కింది మూలకు ఎవరిదో శుభలేఖ ముక్క అడ్డం పెట్టి, జారిపోకుండా బట్టల క్లిప్పు తగిలించింది. వెనక ఏముందా అని తీసి చూశాను. ఆమె చదువుతున్న వార్త పక్కన క్రికెట్ స్కోరు డబ్బా ఒకటి బంతి బంతికీ రంగు మారుస్తోంది. "అది గంతులేస్తుంటే చదివిన వాక్యమే మళ్లీ చదువుతున్నానురా" అంది.

ఇదే అమ్మ 2023 డిసెంబరు 5న, మిచౌంగ్ తుపాను బాపట్లకు దగ్గరలో తీరం దాటుతున్న మధ్యాహ్నం, ఫోనులో పేజీ తాజా కావడం లేదని నా మీద కోప్పడింది. నేనేదో ఆపేసినట్టు!

నేను వెబ్ పేజీలు తయారుచేసి బతుకుతున్నాను కాబట్టి ఆ స్కోరు డబ్బా లాంటివాటిలో నా పాపమూ కొంత ఉంది. దానంతటదే తాజా అయ్యే పేజీ మంచిదా చెడ్డదా అన్న వాదన నాకు విసుగు. అంకె మారే వేగానికీ, దాన్ని చూసి మనం చేయవలసిన పని వేగానికీ పొత్తు కుదిరితే అది ఉపయోగం. కుదరకపోతే గోల. కింద చెప్పే మెట్లన్నీ ఆ పొత్తు కుదర్చడానికే. మొదటి ఆరు చూసేవారికి, తర్వాతివి తయారుచేసేవారికి.

మెట్టు 1: ఒక రోజు లెక్క రాయండి

చిన్న పుస్తకం ఒకటి పక్కన పెట్టుకుని, మారే అంకె కోసం ఏ పేజీ తెరిచినా ఒక గీత గీయండి. యాప్‌లు చెప్పే సమయం లెక్క ఇక్కడ పనికిరాదు, ఎన్నిసార్లు తెరిచారన్నది కావాలి. నేను రాసిన రోజు ఇలా తేలింది: రైలు 11, కొరియరు 9, మ్యూచువల్ ఫండు విలువ 6, బంగారం ధర 4, చెరువుల నీటిమట్టం 3. స్కోరు దగ్గర గీతలు గీయడం మానేశాను, సిగ్గేసింది.

మెట్టు 2: ఆ అంకె నాడి పట్టుకోండి

ప్రతి అంకె వెనకా ఒక మూలం ఉంటుంది. అది తన వేగంతో తాను మారుతుంది. పేజీ ఐదు సెకన్లకోసారి తిరిగినా, మూలం రోజుకోసారే కదిలితే మీరు చూస్తున్నది అదే పాత అంకెను. అసలు పని ఈ మెట్టులోనే ఉంది, తొందరపడకండి.

మ్యూచువల్ ఫండు విలువను లెక్కగట్టేది రోజుకోసారి, మార్కెట్ ముగిశాక. మధ్యాహ్నం పన్నెండుకు తెరిస్తే కనిపించేది నిన్నటిదే. నా ఆరు గీతల్లో అయిదు అలా దండగ. షేరు ధర అలా కాదు, ఉదయం 9:15 నుంచి 3:30 దాకా క్షణక్షణం మారుతుంది. ఒకే తెర మీద రెండూ పక్కపక్కన, ఒకే అక్షరాల్లో కనిపిస్తాయి కాబట్టి రెండూ ఒకేలా పరిగెడుతున్నాయని భ్రమ కలుగుతుంది.

చెన్నైలో ఉండే తెలుగువాళ్లకు చెరువుల అంకెల మీద మమకారం ఎక్కువ. పూండి జలాశయంలోకి కండలేరు నుంచి తెలుగుగంగ కాలువలో వచ్చేవి మన కృష్ణా నీళ్లే కదా. పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం మట్టాలను ఇక్కడి నీటి బోర్డు రోజువారీగా ప్రకటిస్తుంది. పొద్దున ఒకసారి చూస్తే ఆ రోజుకు చాలు. వరద రోజుల్లో చెంబరంబాక్కం సంగతి వేరు, అప్పుడు నీటిమట్టం కంటే గేట్ల నుంచి ఎంత వదులుతున్నారన్న ప్రకటన ముఖ్యం.

ఓట్ల లెక్కింపు ఇంకా సరదా అయిన ఉదాహరణ. 2024 జూన్ 4న ఆంధ్ర ఫలితాల కోసం మా ఆఫీసులో తెలుగువాళ్లమంతా పేజీని మళ్లీ మళ్లీ లాగుతూ కూర్చున్నాం. అసలు జరిగేది ఏమిటంటే, ఒక నియోజకవర్గంలో సాధారణంగా 14 టేబుళ్లు వేస్తారు. 14 యంత్రాల లెక్క పూర్తయితే ఒక రౌండు. అంకె రౌండుకోసారి కదులుతుంది. ఒక రౌండుకూ తర్వాతి రౌండుకూ మధ్య మీరు ఎన్నిసార్లు లాగినా కదలదు. ఎనిమిది గంటలకు మొదట తీసేవి పోస్టల్ ఓట్లు కాబట్టి తొలి ఆధిక్యం చూసి పందెం కాసినవాడు తన ఖర్మకు తాను బాధ్యుడు.

తుపాను ఉంటే భారత వాతావరణ శాఖ ప్రకటనలు మామూలుగా మూడు గంటలకోసారి వస్తాయి, తీరానికి దగ్గరపడ్డాక గంటకోసారి. రాడార్ చిత్రం సుమారు పది నిమిషాలకోసారి మారుతుంది. రైలుది వీటన్నిటికంటే వేగం: ఇస్రో సాయంతో ఇంజన్లకు అమర్చిన పరికరాలు 30 సెకన్లకోసారి తాము ఎక్కడున్నదీ పంపుతాయి. ఇరవై ఓవర్ల ఆటలో ఓవరుకు నాలుగు నిమిషాలు అటూ ఇటూ. స్కోరు కోసం మాత్రం నాడి పట్టనక్కర్లేదు, అది వినోదం, వినోదానికి లెక్కలు వద్దు. చదువుకునే వార్త పక్కన పెట్టకపోతే చాలు.

మీ పుస్తకంలో ప్రతి పేరు పక్కనా ఆ నాడి రాయండి. తెలియకపోతే పేజీని గంట సేపు తెరిచి ఉంచి, అంకె మారినప్పుడల్లా సమయం నోట్ చేసుకుంటే తేలిపోతుంది.

మెట్టు 3: ఏ అంకెకు లేస్తారో ముందే తేల్చుకోండి

ఇప్పుడు ప్రతి పేరు పక్కనా ఇంకో ప్రశ్న: ఇది ఎంతకు చేరితే నేను కుర్చీలోంచి లేచి ఒక పని చేస్తాను? జవాబు లేకపోతే ఆ పేజీ కాలక్షేపం. కాలక్షేపం తప్పు కాదు, కానీ దానికి సాయంత్రం ఉంది.

చెన్నైలోని వేళచ్చేరిలో ఈ ప్రశ్నకు జవాబు తెలిసినవాళ్లున్నారు. భారీ వాన హెచ్చరిక రాగానే కార్లు తెచ్చి అక్కడి ఫ్లైఓవర్ మీద వరుసగా నిలిపేస్తారు. వాళ్లకు కావలసింది ఒక్క ముక్క: రేపు పెద్ద వాన ఉందా లేదా. అది గంటల ముందే తెలుస్తుంది. కారు పైకి చేరాక ఆ మనిషి రాత్రంతా రాడార్ చూసినా చూడకపోయినా కారుకు ఒకటే.

నేను ఆ తెలివి చూపించలేదు. మిచౌంగ్ వానల్లో, డిసెంబరు 4న, మా వీధిలో కరెంటు పోయింది. ఫోనులో 40 శాతం చార్జింగు ఉంది. దానంతటదే తాజా అయ్యే వాన పేజీని తెరిచి పెట్టుకుని కూర్చున్నాను. ఇల్లు రెండో అంతస్తు, మందులు, పాలపొడి, నీళ్లు ఇంట్లో ఉన్నాయి, బండి ముందురోజే ఎత్తు మీద పెట్టాను. చేయగలిగిన పని ఒక్కటీ మిగల్లేదు, అయినా చూస్తున్నాను. సాయంత్రానికి ఫోను చచ్చింది. తుపాను మా దగ్గర నుంచి కదిలి అమ్మ వైపు వెళ్తున్న గంటల్లో, నిజంగా ఫోను కావలసిన గంటల్లో, నేను పక్కింటి వారి ఫోను అడిగి మాట్లాడాను.

కాబట్టి రాసుకోండి: "ఆరెంజ్ హెచ్చరిక వస్తే బండి మార్చాలి." "అమ్మ రైలు గూడూరు దాటితే వంట మొదలుపెట్టాలి." "కొరియరు 'డెలివరీకి బయలుదేరింది' అంటే ఇంట్లో ఎవరో ఉండాలి." ఇలా రాయలేని అంకెలు పుస్తకంలో ఎన్ని ఉన్నాయో చూస్తే మీకే నవ్వొస్తుంది.

మెట్టు 4: సమయం చూడకుండా అంకె నమ్మకండి

కదిలే పేజీలో అసలు ప్రమాదం అది కదలడం కాదు, కదలడం ఆగిపోయి కదులుతున్నట్టు కనిపించడం. అమ్మ ఒకసారి పగటి బండిలో వస్తోంది. నేను చూస్తున్న పేజీ బండి నాయుడుపేట దాటిందని చెబుతోంది, పక్కన చిన్న ఆకుపచ్చ చుక్క లయగా వెలుగుతోంది. ఇంకా గంటన్నర పైనే ఉందని తీరిగ్గా టీ పెట్టుకున్నాను. ఫోను మోగింది. "గుమ్మిడిపూండి కూడా దాటిపోయాం, బయలుదేరావా?" అమ్మ గొంతు. మళ్లీ పేజీ వైపు చూస్తే చుక్క వెలుగుతూనే ఉంది. కింద, బూడిద రంగు బుల్లి అక్షరాల్లో, చివరిగా సమాచారం అందిన సమయం ఉంది: నలభై నిమిషాల కిందటిది. ఆ చుక్కకూ సమాచారానికీ సంబంధమే లేదు. అది ఊరికే వెలగడానికి గీసిన బొమ్మ.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. అంకె కంటే ముందు దాని సమయం వెతుకుతాను. "ఇప్పుడే" అని రాసి ఉంటే నమ్మను, గడియారం సమయం ఉండాలి. సమయమే చూపని పేజీని ముఖ్యమైన పనికి వాడను. అనుమానం వస్తే మరో చోట అదే అంకెను పోల్చి చూస్తాను. రైలు విషయంలో ఆ మరో చోటు, చాలాసార్లు, బండిలో ఉన్న మనిషే.

మెట్టు 5: కంటి అంచుల్ని ఖాళీ చేయండి

మన రెటీనా నడిమి భాగం అక్షరాలు చదవడానికి పనికొస్తుంది. అంచులకు అంత నిశితమైన చూపు లేదు, కానీ కదలికను ఇట్టే పట్టేస్తాయి. చదువుతున్న పేరా పక్కన ఏదైనా మిణుకుమంటే చూపు అటు లాక్కుపోవడం క్రమశిక్షణ లేక కాదు. కాబట్టి మనసును తిట్టుకోవడం మాని మూలను ఖాళీ చేయడం మంచిది. అమ్మ శుభలేఖ ఈ సూత్రం మీదే పనిచేసింది.

శుభలేఖ కంటే మెరుగైనవి కొన్ని ఉన్నాయి. ఫైర్‌ఫాక్స్‌లో, సఫారీలో చిరునామా పట్టీ దగ్గర రీడర్ గుర్తు ఉంటుంది, నొక్కితే వ్యాసం మాత్రమే మిగిలి పక్క సరంజామా అంతా మాయమవుతుంది. క్రోమ్‌లో రీడింగ్ మోడ్ పక్క ప్యానెల్లో తెరుచుకుంటుంది. ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి యానిమేషన్లు తీసేయవచ్చు, ఐఫోనులో అదే చోట మోషన్ కింద రెడ్యూస్ మోషన్ ఉంటుంది. పద్ధతిగా తయారుచేసిన సైట్లు ఈ కోరికను గమనించి గంతులు మానేస్తాయి. పద్ధతి లేనివి మానవు.

సైట్ల నోటిఫికేషన్లను బ్రౌజర్ సెట్టింగ్స్‌లో మొత్తంగా ఆపేయండి, అడగడం కూడా వద్దని చెప్పండి. ట్యాబ్ పేరు ముందు (3), (7) అని పెరిగే అంకె ఇంకో దొంగ. ఆ ట్యాబును పిన్ చేస్తే పేరు కనిపించదు, బొమ్మ మాత్రమే మిగులుతుంది. కొన్ని సైట్లు ఆ బొమ్మ మీద కూడా ఎర్రచుక్క పెడతాయి, వాటిని మూసేయడమే మార్గం.

మెట్టు 6: మీరు వెళ్లి చూడకుండా, అదే వచ్చి చెప్పేలా

మూడో మెట్టులో రాసుకున్న వాక్యాలు ఇప్పుడు అక్కరకొస్తాయి. రైలు యాప్‌లలో ఫలానా స్టేషన్ దగ్గరపడితే మోగే అలారం ఉంటుంది. షేరు యాప్‌లో ధర హెచ్చరిక పెట్టుకోవచ్చు. వాన, వరద, తుపానులకు జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి సచేత్ యాప్ మీ ప్రాంతాన్ని బట్టి హెచ్చరిక పంపుతుంది. అమ్మ ఫోనులో బాపట్లకు, నా ఫోనులో చెన్నైకి పెట్టాను. హెచ్చరికలు అయిదారుకు మించనివ్వకండి. ఇరవై అయితే అదీ ఇంకో స్కోరు డబ్బానే.

ఇక్కడి నుంచి పేజీలు తయారుచేసేవారి కోసం. మిగతావారు ఇక్కడ ఆగవచ్చు, కానీ తిట్టడానికి పనికొచ్చే విషయాలు ముందు ఉన్నాయి.

మెట్టు 7: గొట్టం తర్వాత, నాడి ముందు

కొత్త పని రాగానే వెబ్‌సాకెట్ (బ్రౌజరుకూ, సమాచారం పంపే సర్వరుకూ మధ్య తెరిచి ఉంచే రెండు వైపుల గొట్టం) పెడదామా అన్న చర్చ మొదలవుతుంది. 2011లో ప్రమాణంగా ఖరారైన ఆ పద్ధతి మంచిదే, రెండు వైపులా మాటలు నడిచే చాటింగుకో, ఇద్దరు ఒకే పత్రం దిద్దుకోవడానికో. స్కోరు, రైలు, ఓట్లు అలా కాదు, సర్వర్ చెబుతుంది, మనం వింటాం. దానికి సర్వర్-సెంట్ ఈవెంట్స్ అనే ఒంటివైపు గొట్టం చాలు. లైను తెగితే బ్రౌజరే మళ్లీ కలుపుతుంది, ఎక్కడ ఆగామో కూడా చెబుతుంది. ఒక్క చిక్కు: బ్రౌజరూ సర్వరూ మాట్లాడుకునే పాత పద్ధతి హెచ్‌టీటీపీ 1.1 మీద నడిస్తే ఒక సైటుకు ఆరు లైన్లే దొరుకుతాయి, ఏడో ట్యాబు మొరాయిస్తుంది. ఇక మూలం పది నిమిషాలకోసారి మారేదైతే పది నిమిషాలకోసారి అడగండి, అంతే. రోజుకోసారి మారే నీటిమట్టానికి వెబ్‌సాకెట్ పెట్టిన పేజీ ఒకటి నా చేతుల మీదుగానే వెళ్లింది. ఎవరూ పట్టుకోలేదు, అదే బాధ.

లైను తెగి కలిసేటప్పుడు అందరూ ఒకే క్షణాన తలుపు తట్టకుండా, ఒక్కొక్కరు ఒక్కో యాదృచ్ఛికమైన ఆలస్యంతో వచ్చేలా చూడండి. లేకపోతే మొదటి తోపులాటకే సర్వర్ మళ్లీ పడిపోతుంది.

మెట్టు 8: చదువుతున్నదాన్ని కదపకండి

కొత్త అంశం వస్తే పైన చొప్పించి కింద ఉన్నదంతా నెట్టేయడం అతి సులువైన కోడు, అతి పెద్ద అమర్యాద. పైన చిన్న పట్టీ పెట్టి "7 కొత్తవి, చూపించు" అని రాయండి. చదివేవారు నొక్కినప్పుడే తెరవండి. పేజీ ఎంత కుదుపుకు లోనవుతుందో గూగుల్ కొలిచే లెక్కలో 0.1 లోపు ఉంటే మంచిదిగా భావిస్తారు. చదివేవారు నొక్కిన అర సెకను లోపు జరిగే మార్పును అందులో కలపరు. అంటే మర్యాదకు ఆ లెక్కలోనే రాయితీ ఉంది.

అంకెలకు సమాన వెడల్పు ఇవ్వండి. 1 సన్నగా, 8 వెడల్పుగా ఉండే అక్షరశైలిలో 111 కాస్తా 188 అయితే పక్కనున్న మాట వణుకుతుంది. పేజీ రూపాన్ని నిర్దేశించే సీఎస్ఎస్‌లో ట్యాబ్యులర్ నమ్స్ అన్న ఒక్క వరుసతో పోతుంది, ఆ శైలిలో సౌకర్యం ఉంటే. ఈ ఒక్కటి చేసినా సగం చికాకు తగ్గుతుందని నా అనుభవం.

మెట్టు 9: ఆపే మీట

తెర మీద దానంతటదే మొదలై, ఐదు సెకన్లకు మించి, వేరే విషయం పక్కన కదిలే దేన్నైనా ఆపడానికో దాచడానికో మార్గం ఉండాలని 2008లో వచ్చిన వెబ్ సౌలభ్య ప్రమాణాల్లోనే ఉంది. తనంతట తాజా అయ్యే సమాచారానికి ఆ ఐదు సెకన్ల వెసులుబాటు కూడా లేదు. ఇది పై స్థాయి కోరిక కాదు, అట్టడుగు 'ఎ' స్థాయి. అయినా ఎన్ని పేజీల్లో ఆ మీట కనిపిస్తుందో లెక్కపెట్టి చూడండి. ఒకప్పుడు నెట్‌స్కేప్ బ్రౌజరు తెచ్చిన, అక్షరాలను మిణుకుమనిపించే బ్లింక్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తెచ్చిన, అక్షరాలను పరిగెత్తించే మార్కీ చూసి మేమంతా వెక్కిరించాం. ఫైర్‌ఫాక్స్ 2013లో బ్లింకును తీసేసింది కూడా. ఇప్పుడు అదే మిణుకును మూడు రెట్ల కోడుతో, మెత్తటి రంగుల్లో మళ్లీ తెచ్చుకున్నాం.

చూపు లేనివారి సంగతి విడిగా చెప్పాలి. నాతో పనిచేసే మిత్రుడు, తెర మీది మాటలు చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో పేజీలు వింటాడు. నేను రాసిన పేజీ ఒకటి ఇచ్చి ఎలా ఉందని అడిగాను. ఇయర్‌ఫోను ఒకటి తీసి నా చెవిలో పెట్టాడు. వార్త రెండో వాక్యం నడుస్తుండగా "తాజా అయింది" అని గొంతు అడ్డు తగిలింది. మళ్లీ వార్త, నాలుగు మాటలు, మళ్లీ "తాజా అయింది". మార్పును స్క్రీన్ రీడర్ ఎలా చెప్పాలో నిర్ణయించేది ఆరియా-లైవ్. నేను తాజా అయ్యే డబ్బాకు దాని విలువ 'అసర్టివ్' అని పెట్టాను, అంటే మాట మధ్యలోనే నరికి చెప్పమని. అది ప్రమాద హెచ్చరికకు తగినది. మామూలు సమాచారానికి 'పొలైట్' పెడితే వాక్యం ముగిసేదాకా ఆగుతుంది. స్కోరుకు అదీ ఎక్కువే: వికెట్ పడినప్పుడో ఓవరు ముగిసినప్పుడో మాత్రం చెప్పించి, మిగతా వేళ మౌనంగా ఉంచండి.

మెట్టు 10: నిజమైన సమయం, నిజమైన చుక్క

ఆకుపచ్చ చుక్క పెడితే దాన్ని సమాచారం అందిన క్షణానికే ముడిపెట్టండి. నాడి ప్రకారం రావలసిన రెండు మార్పులు రాకపోతే చుక్క ఆరిపోవాలి, "10:42 తర్వాత సమాచారం లేదు" అని మామూలు అక్షరాల్లో కనిపించాలి. బూడిద రంగు బుల్లి అక్షరాల్లో కాదు.

"2 నిమిషాల కిందట" అన్న మాటను టైమరు ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టి రాయకండి. దాగి ఉన్న ట్యాబుల టైమర్లను బ్రౌజర్లు నెమ్మది చేస్తాయి. క్రోమ్ 88 నుంచి, ఐదు నిమిషాలు దాగి ఉంటే నిమిషానికోసారే మేల్కొంటాయి. గడియారం సమయంలోంచి తీసివేసి లెక్కకట్టండి. ట్యాబు దాగినప్పుడు విజిబిలిటీచేంజ్ సంకేతం వస్తుంది, అప్పుడు అడగడం ఆపేయండి. తిరిగి కనబడగానే మొదట కొత్త అంకె తెచ్చి, తర్వాత చూపండి.

మెట్టు 11: భోజనాల వేళ పరీక్ష

పేజీ తెరిచి, ల్యాప్‌టాప్ మూసి, భోజనానికి వెళ్లండి. తిరిగొచ్చి వైఫై ఆపి మూత తెరవండి. ఏం చూపిస్తోంది? ఇప్పుడు వైఫై కలపండి. పేజీ పైకి ఎగిరిందా, మీరు చదువుతున్న చోటే ఉందా? ఫోను మీద, తక్కువ సిగ్నల్లో, లోకల్ రైలులో ఇదే మళ్లీ చేయండి. బేసిన్ బ్రిడ్జి దాటేటప్పుడు మా ఫోన్లన్నీ ఏదో ఒకటి నేర్పుతాయి.

ఈ మెట్లన్నీ రాసుకున్నాక నా సొంత పేజీకే పరీక్ష పెట్టాను. మూత తెరిచేసరికి నలభై రెండు నిమిషాల పాత అంకె, పక్కన ఆకుపచ్చ చుక్క. శుక్రవారం సాయంత్రం దాన్ని దిద్దుతూనే గడిచింది.